క్యాన్సరు శస్త్రచికిత్స: పేదవాని మొదటి కోత

గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి ఎండ్రకాయ పేరు పెట్టారు. కణితి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు వారికి ఎండ్రకాయ కాళ్ళవలె కనిపించాయట. అరబ్బు వైద్యులు దానినే 'సరతాన్' అని తమ భాషలోనికి తెచ్చుకున్నారు. ఉర్దూలో నేటికీ అదే మాట. మన 'కర్కటవ్యాధి' కూడ ఆ ఎండ్రకాయనే మోసుకొని వచ్చిన మాట. మా కళాశాలలో వరండాకు ఒక ప్రక్క ఉర్దూ తరగతి, మరొక ప్రక్క తెలుగు తరగతి జరుగుతుంటాయి. రెండు గదులలోను ఒకే ప్రాణి పేరుతో పిలువబడే వ్యాధి ఇదొక్కటే కావచ్చును. పల్లెలలో పెద్దలు మాత్రం దీనిని రాచకురుపు అంటారు. పేరులో రాచరికం ఉన్నది గాని, మేము ఎరిగినంతలో అది తలుపు తట్టిన ఇండ్లలో ఆ రాచరికపు జాడ ఎక్కడను లేదు.

ఈ వ్యాధి లక్షణాలను వరుసగా వర్ణించుట మా ఉద్దేశ్యం కాదు. మేము తెలుగు పాఠం చెప్పేవారమే గాని వైద్యులం కాము. అయినను, మా ఇంటి మనిషి ఒకరి వెంట మూడు సంవత్సరాలు ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగినందువలన, ఆ సందర్భంలో చదివినదాని వలన, అడిగి తెలుసుకున్నదాని వలన మాకు ఒక విషయం స్పష్టమైనది. పేదవానికి క్యాన్సరు శస్త్రచికిత్స అందటం లేదని అందరూ అంటారు. కాని చాలామందికి కోత అందుతూనే ఉన్నది. అందనిది సరైన చోట, సరైన చేతితో, సరైన సమయంలో జరుగవలసిన మొదటి కోత. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటను గురించియే.

మొదటి కోతకు అంత ప్రాధాన్యం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం చాల పాతది. సుశ్రుతుడు అర్బుద చికిత్సను చెప్పుచూ, కణితిని శేషం లేకుండ తీయవలెననియు, మిగిలిన శేషం ఆర్పక విడిచిన నిప్పువలె త్వరలోనే మరల పెరిగి మనిషిని హరించుననియు హెచ్చరించాడు. సుమారు వెయ్యి సంవత్సరముల క్రితం స్పెయిను దేశపు కార్డోబాలో అబుల్ ఖాసిం అల్ జహ్రావి అను గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన రచించిన 'అల్ తస్రీఫ్' ముప్పది భాగముల గ్రంథం. దాని చివరి భాగం కేవలం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో ఆయన క్యాన్సరు గురించి చెప్పినది సుశ్రుతుని మాటకు దగ్గరగా ఉన్నది. వ్యాధి మొదటి దశలో ఉండి, మొత్తంగా తీయదగిన చోట ఉన్నప్పుడే కత్తి పట్టుమనియు, పాతబడి పెరిగినదాని జోలికి పోవద్దనియు ఆయన బోధ. అట్టి ముదిరిన వ్యాధిని తాను నయం చేయలేకపోయితిననియు, నయం చేసినవారిని చూడలేదనియు ఆయన దాపరికం లేకుండ వ్రాసుకున్నాడు. అంతటి నిపుణుడు తన ఓటమిని గ్రంథంలో నమోదు చేయుట మాకు ఆశ్చర్యం కలిగించింది. ఒకరి గ్రంథం ఒకరు చదివారో లేదో గాని, ఇరువురు పెట్టిన షరతులు రెండే: త్వరగా, పూర్తిగా.

ఆ నాటికి మత్తు లేదు, క్రిమిసంహారం లేదు. 1846లో ఈథరు మత్తు, 1867లో లిస్టరు క్రిమిసంహార పద్ధతి వచ్చిన తరువాతనే శరీరం లోపలి కణితులకు కత్తి చేరగలిగింది. ఇక్కడ మన హైదరాబాదుకు కూడ ఒక చిన్న పాత్ర కలదు. క్లోరోఫాం మత్తు వలన గుండెకు హాని ఉన్నదా లేదా అని తేల్చుటకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లోను, 1889లోను రెండు సంఘములు ఇక్కడ ప్రయోగాలు జరిపాయి. మత్తు వైద్యంలో తొలి మహిళగా పేరు పొందిన డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ ఈ నగరమువారే.

ఇక 'ప్రత్యేక శస్త్రచికిత్స' అనగా ఏమి? గడ్డను తీసివేయుట ఏ శస్త్రవైద్యునికైనను తెలిసిన పనియే గదా అని మేము కూడ అనుకున్నవారమే. నాలుక మీద చిన్న పుండు ఉన్నదనుకొందము. కంటికి కనిపించే పుండును మాత్రమే కోసి తీసినచో చాలదు. దాని చుట్టూ ఆరోగ్యంగా కనిపించే కండను కూడ కొంత కలిపి తీయవలెను. తీసిన ముక్క అంచులను సూక్ష్మదర్శిని క్రింద చూచి, అంచులో వ్యాధి కణాలు లేవని మరొక వైద్యుడు ధృవపరుపవలెను. అంతటితో అయిపోదు. నాలుక నుండి వ్యాధి మెడలోని శోషరస గ్రంథులకు, జనం 'బిళ్ళలు' అనేవాటికి, చడీచప్పుడు లేకుండ చేరుతుంది. బిళ్ళలు చేతికి తగులనప్పుడు కూడ వాటిని తీయవలెనా, లేక తగిలేవరకు ఆగవచ్చునా అని ప్రపంచంలోని వైద్యులు చాలకాలం వాదించుకున్నారు. ఈ వాదానికి సమాధానం చెప్పినది బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రి. 2015లో వెలువడిన వారి పరిశోధనలో, నోటి క్యాన్సరు తొలిదశలో మొదటి శస్త్రచికిత్సలోనే మెడ గ్రంథులను తీసినవారిలో మూడేండ్ల తరువాత నూటికి 80 మంది జీవించి ఉన్నారు; బిళ్ళలు కనిపించేవరకు ఆగినవారిలో నూటికి 67.5 మంది మాత్రమే. పుండు అంతే, రోగులు అట్టివారే. భేదమల్లా మొదటి రోజున బల్లమీద ఏమి చేశారన్నదే.

చేయి తిరుగుట అన్నది కూడ మాటవరుసకు చెప్పేది కాదు. అమెరికాలో 2002లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో, క్లోమము వంటి లోతైన అవయవపు కణితిని తీసేటప్పుడు, అట్టి శస్త్రచికిత్సలు అతి తక్కువగా జరిగే ఆసుపత్రులలో నూటికి 16 మంది చనిపోగా, అతి ఎక్కువగా జరిగేచోట నూటికి నలుగురే చనిపోయారు. అట్టి ఆసుపత్రికి చేరగలిగినవాడు బ్రతుకుతున్నాడు. చేరుటకు దారి ఖర్చు కావలెను, దారి తెలియవలెను, దారి చెప్పే మనిషి ఉండవలెను. ఆ దేశంలోనే 1999లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, ఊపిరితిత్తుల క్యాన్సరు తొలిదశలో ఉన్న వృద్ధులలో తెల్లవారికి నూటికి 77 మందికి శస్త్రచికిత్స జరుగగా, నల్లవారికి 64 మందికే జరిగింది. వృద్ధులకు ప్రభుత్వ భీమా ఉన్న దేశంలో కూడ అంత తేడా. ధనం ఒక్కటే అడ్డు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

లోకం మొత్తం లెక్క ఇంకను దుఃఖకరం. లాన్సెట్ ఆంకాలజీ పత్రిక నియమించిన సంఘం 2015లో తేల్చినదేమనగా, క్యాన్సరు వచ్చినవారిలో నూటికి 80 మందికి పైగా ఏదో ఒక దశలో శస్త్రచికిత్స కావలెను. కాని సురక్షితమైన, భరించగలిగిన, సకాలపు శస్త్రచికిత్స అందేది నలుగురిలో ఒకరికి కూడ కాదు.

మన దేశంలో ఈ వైద్యానికే ప్రత్యేకించిన ఆసుపత్రులు మొదట కొన్ని నగరములలోనే వెలసినవి. బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941లో తెరచారు. మద్రాసులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి తన చెల్లెలు 1923లో క్యాన్సరుతో చనిపోయిన నాటినుండి పట్టు విడువక, 1954లో అడయారులో పండ్రెండు పడకలతో క్యాన్సరు సంస్థను స్థాపించగలిగింది. ఒక మరణానికి, ఒక ఆసుపత్రికి మధ్య ముప్పదియొక్క సంవత్సరాలు గడిచాయి. హైదరాబాదులో 1955లో వచ్చిన క్యాన్సరు ఆసుపత్రి, తరువాత గుజరాతు రాష్ట్రానికి తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ కృషి ఫలితం. నేటికీ ఆ సంస్థ ఆయన పేరుతోనే ఉన్నది. 2000లో హైదరాబాదులోనే బసవతారకం ఆసుపత్రి వచ్చింది. ఆ తరువాతి కాలంలో విశాఖపట్నంలో టాటావారి అనుబంధ ఆసుపత్రి, తిరుపతిలో మరొకటి వచ్చాయి. అయినను ఆదిలాబాదు అడవినుండి గాని, కర్నూలు మారుమూలనుండి గాని బయలుదేరే రోగికి దారి ఇంకను దూరమే.

2007 ఏప్రిల్ 1న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించింది. మూడును వెనుకబడిన జిల్లాలే. తెల్లకార్డు కుటుంబానికి సంవత్సరానికి రెండు లక్షల వరకు వైద్యం. క్యాన్సరు శస్త్రచికిత్సలు అందులో చేరినవి. అంతకు ముందు పేదవాడు ముఖ్యమంత్రి సహాయనిధి కొరకు శాసనసభ్యుని ఇంటిముందు అర్జీ పట్టుకొని నిలబడేవాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల ముందు రేషను కార్డు పట్టుకొని కూర్చుంటున్నాడు. ఈ మార్పును తేలికగా తీసివేసేవారితో మేము ఏకీభవించము. అర్జీకి, హక్కుకు భేదం కలదు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ పరిమితిని పది లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పథకానికి ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మారింది. పేర్లు మారినను పథకం నిలిచి ఉండుట సంతోషించదగినది.

కాని పథకం ఆసుపత్రి లోపలి ఖర్చును భరిస్తుంది. గుమ్మం బయటి ఖర్చు మాట ఏమి? రోగి వెంట ఉండే మనిషి తన కూలి పోగొట్టుకొని వరండాలో పడుకోవలెను. కోత తరువాత చాలమందికి కిరణచికిత్స అవసరం. జనం దానిని 'కరెంటు పెట్టడం' అంటారు. అది వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. గది అద్దె ఇచ్చుకోలేక, ఇంటివద్ద పసిపిల్లలను విడిచి ఉండలేక, కుట్లు విప్పగానే ఊరికి వెళ్ళి, మరల రానివారు ఎందరో. పుస్తకములలో వీరిని 'చికిత్స మానినవారు' అని వ్రాస్తారు. మానినది వారేనా అని మాకు సందేహం.

ఇక మా ఇంటి సంగతి. మా ఖాలా కోస్తా జిల్లాలోని ఒక పట్టణంలో ఉండేది. మిరపకాయలకు తొడిమలు తీసే కూలి పని. 2016లో ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ ఆమె చేతికి తగిలింది. నొప్పి లేదు గనుక నాలుగు నెలలు ఎవరికిని చెప్పలేదు. రంజాను నెల వెళ్ళనిమ్మన్నది, తరువాత చిన్న కుమార్తె కాన్పు కానిమ్మన్నది. చివరకు ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు తనకు తెలిసిన ఒక నర్సింగు హోముకు పంపాడు. అక్కడ ఆమె చెవికమ్మలు కుదువబెట్టిన సొమ్ముతో గడ్డను తీసివేశారు. మరునాడు ఇంటికి పంపుతూ, 'గడ్డ తీసేశాము, ఇక ఏ భయమూ లేదు' అన్నారు. నిజంగానే ఏడు నెలలు ఏ భయమూ లేదు.

ఎనిమిదవ నెలలో కుట్టు గీత వెంబడి మరల గట్టిపడింది, చంకలో బిళ్ళలు కట్టాయి. అప్పుడు మేము ఆమెను హైదరాబాదుకు తీసుకొని వచ్చాము. పెద్ద ఆసుపత్రిలో ఆమెను పరీక్షించిన డాక్టరమ్మ చాల సౌమ్యురాలు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: 'తీసిన గడ్డ ముక్క పరీక్ష రిపోర్టు ఏదీ?' రిపోర్టు లేదు. 'పోనీ, ఆ ముక్క ఎక్కడున్నది?' మేము నర్సింగు హోముకు ఫోను చేసితిమి. వారు ఒక్క మాటలో చెప్పారు: పారవేసితిమి. మా ఖాలా చేతిలో ఆ కోతకు సాక్ష్యంగా మిగిలినది మందుల చీటి ఒకటి, డబ్బు కట్టిన రశీదు ఒకటి.

ఆ ముక్కతో ఎంత పోయినదో ఆ రోజు మాకు తెలియలేదు. డాక్టరమ్మ ఓపికగా చెప్పగా తరువాత తెలిసింది. ఆ గడ్డ ఏ జాతిది, ఎంత వేగంగా పెరిగేది, ఏ మందుకు లొంగేది, దాని అంచులు శుభ్రమైనవా కావా అన్నదంతా ఆ ముక్కలోనే వ్రాసి ఉంటుంది. మొదటనే సన్నని సూదితో కొంచెం కండ తీసి పరీక్షించి, వ్యాధిని నిర్ధారించుకొని, అవసరమైతే ముందు మందు ఇచ్చి, ఆ తరువాత రొమ్మును, చంక గ్రంథులను లెక్క ప్రకారం తీయవలసినది. ఆ వరుస తలక్రిందులైనది. ఆ తరువాత ఆమెకు మందు ఎక్కించారు, రెండవసారి కోశారు, కరెంటు పెట్టారు. పథకం క్రింద ఆసుపత్రి ఖర్చంతయు ప్రభుత్వమే భరించింది. ఆమె 2019లో చనిపోయినది. మొదటి కోత సవ్యంగా జరిగి ఉంటే బ్రతికేదని మేము నిశ్చయంగా చెప్పలేము, ఎవరును చెప్పలేరు. అవకాశం ఇంకను ఎక్కువగా ఉండేదన్నది మాత్రం నిశ్చయం. ఇందులో మా నేరం లేదా? ఉన్నది. ఎం.ఏ. చదివిన మేము ఆ నాలుగు నెలలలో రెండుమార్లు ఆ ఇంట భోజనం చేసి వచ్చాము.

'కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుంది' అని మన పల్లెలలో గట్టి నమ్మకం. చదువుకున్నవారు దీనిని మూఢనమ్మకమని నవ్వుతారు. ఒకప్పుడు మేము కూడ నవ్వితిమి. ఇప్పుడు నవ్వలేము. పేదవాడు తన కండ్లతో చూచినది అదే గదా! పొరుగింటి మనిషికి గడ్డ తీశారు, ఏడాది తిరుగకముందే అది వంటినిండ ప్రాకింది. ఆ మనిషిని చంపినది కత్తి కాదు, మిగిలిన శేషం. సుశ్రుతుడు చెప్పిన నిప్పు అదే. కాని చూచినవానికి కత్తి మాత్రమే కనిపించింది. సరికాని మొదటి కోత ఒక రోగితో ఆగదు. ఆ వీధిలో తరువాతి పదిమందిని ఆసుపత్రికి పోకుండ ఆపుతుంది. ముక్క పరీక్ష వలన వ్యాధి పాకుతుందన్న భయం కూడ ఇట్టిదే. అది నిజం కాదని వైద్యులు ఎంత చెప్పినను, వీధిలో ఒక మంచి ఫలితం కనిపించేవరకు ఆ భయం పోదు.

అవసరమైనవారికి కోత అందని మన నేలమీదనే, అవసరం లేనివారికి కోత ఎట్లు అందినదో చూడుడు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆ సర్వేలో దేశంలోని రాష్ట్రాలలో మొదటి రెండు స్థానములు మన రెండు రాష్ట్రాలవే. తెల్లబట్ట అనియు, నడుము నొప్పి అనియు వెళ్ళిన స్త్రీకి 'తీయకపోతే క్యాన్సరు వస్తుంది' అని చెప్పి భయపెట్టిన సంగతులు మన పల్లెలలో వినని ఇల్లు లేదు. క్యాన్సరు పేరు చెప్పి ఆరోగ్యవంతురాలిని కోశారు. క్యాన్సరు ఉన్న స్త్రీ మాత్రం పరీక్ష లేకనే మిగిలిపోయింది. 2019-21 సర్వే ప్రకారం 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ఎన్నడైనను పరీక్ష చేయించుకున్నవారు దేశంలో నూటికి 1.9 మంది, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9. ఈ అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకున్నప్పుడు మాకు కోపం కంటె సిగ్గు ఎక్కువ కలిగింది. అనవసరపు గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలో అమలుపరచుమని సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఇందులో మరొక చిక్కు కూడ కలదు. ముఖద్వారంలో క్యాన్సరు ఉన్నదని గుర్తించక మామూలుగా గర్భసంచిని తీసివేసినచో, చుట్టుప్రక్కల కండ, గ్రంథులు అట్లే మిగిలిపోతాయి. తరువాత చికిత్స మరింత కష్టం. చిన్నదై, తక్కువ ప్రమాదం గల తొలిదశ వ్యాధికి మామూలు శస్త్రచికిత్సయే చాలునని 2024లో ఒక పరిశోధన తేల్చిన మాట నిజమే. కాని అది చిన్నదని తెలియుటకు కూడ ముందు పరీక్ష కావలెను గదా.

ప్రత్యేక వైద్యమనగానే ఖరీదైన యంత్రములే అనుకొనుట కూడ పొరపాటు. పండ్లు తీసేటప్పుడు చిగురుకు ఇచ్చే మత్తుమందు అందరికీ తెలుసు. రొమ్ము కణితిని కోయుటకు కొద్ది నిమిషాల ముందు ఆ మందునే దాని చుట్టూ ఎక్కిస్తే ఏమగునని టాటా ఆసుపత్రి నాయకత్వంలో 1,583 మంది స్త్రీలలో పరిశీలించారు. 2023లో ప్రకటించిన ఫలితం: ఐదేండ్ల తరువాత, సూది ఇచ్చినవారిలో నూటికి 90.1 మంది, ఇవ్వనివారిలో 86.4 మంది జీవించి ఉన్నారు. అది అతి చౌక మందు. దానిని ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు వాడవలెనో తెలిసియుండుటే ఇక్కడ ప్రత్యేకత.

మన సమాజంలో స్త్రీల సంగతి వేరుగా చెప్పక తప్పదు. పరపురుషునికి శరీరం చూపుటకు సంకోచించి నెలల తరబడి దాచుకునే తల్లులు ముస్లిం ఇండ్లలోనే కాదు, అన్ని మతాల ఇండ్లలోను ఉన్నారు. మా ఖాలా కూడ అందుకే దాచింది. తప్పనిసరి అవసరం ఏర్పడినప్పుడు నిషేధం సడలునన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రసిద్ధమైన నియమం. వైద్యానికి అది వర్తిస్తుందని విద్వాంసులు చెప్పియే ఉన్నారు. అయితే నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆ తల్లి సంకోచం తీరదు. ఆమె ప్రక్కన కూతురో కోడలో కూర్చొని, డాక్టరమ్మ ఉన్న రోజు కనుక్కొని తీసుకొనిపోయినప్పుడే తీరుతుంది.

భాష మరొక గోడ. దవడ ఎముక కొంత తీసివేసి, రొమ్ము కండనో కాలి ఎముకనో తెచ్చి అక్కడ అతుకుతామని, ఆ తరువాత మాట స్పష్టంగా రాకపోవచ్చునని ఆంగ్లంలో వ్రాసిన అంగీకార పత్రంమీద వేలిముద్ర వేయించుకుంటారు. పాతబస్తీ ముసలమ్మకు ఉర్దూ తప్ప రాదు. పల్నాటి ముస్లిం ముసలమ్మకు తెలుగే వచ్చును. ఇద్దరికీ ఆంగ్లం రాదు. బల్లమీదికి వెళ్ళిన తరువాత తన ముఖం ఎట్లుండునో తెలియని రోగి, ముందు రాత్రి మంచం విడిచి పారిపోయిన సంఘటన మేము వరండాలో ఉండగానే జరిగింది. వార్డు బాయిలు 'పిరికివాడు' అన్నారు. అతనికి ఎవరును చెప్పలేదు, అంతే.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను వెలుగుతున్న కొస నోటిలోపల ఉంచుకొని త్రాగే అలవాటు బీద స్త్రీలలో తరతరాలుగా ఉన్నది. దానిని అడ్డపొగ అంటారు. గాలికి ఆరకుండుటకని కొందరు, పనిలో బూడిద రాలకుండుటకని కొందరు కారణం చెబుతారు. దానివలన అంగుట్లో క్యాన్సరు వచ్చునని విశాఖపట్నం వైద్యులు 1950లలోనే వ్రాశారు. అంగుడు కడుపులోని అవయవం కాదు. నోరు తెరచి, టార్చి దీపం వేసి చూస్తే కనిపించేది. తెల్లమచ్చగానో, మానని పుండుగానో ఉన్నప్పుడు తీసినచో కోత చిన్నది. ఎముకలోనికి దిగిన తరువాత పై దవడ పోతుంది.

మరి చూచేదెవరు? మా విద్యార్థులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదువవలెనని మా కోరిక. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996 నుండి ఇంటింటికి వెళ్ళి నోరు పరీక్షించే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2005లో దాని ఫలితాలు వెలువడ్డాయి. పొగాకు గాని మద్యం గాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు 34 శాతం తగ్గాయి. ఆ నోళ్ళను పరీక్షించినవారు వైద్యులు కారు. వైద్యంతో సంబంధం లేని పట్టభద్రులు, శిక్షణ పొందినవారు. అనగా మన బి.ఏ., బి.కాం. వంటివారు. బొంబాయి మురికివాడలలో దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో జరిగిన మరొక ప్రయోగంలో, పలుచని ఆమ్లద్రవం పూసి గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించినవారు పదవ తరగతి చదివి శిక్షణ పొందిన స్త్రీలు. 2013లో ప్రకటించిన ఫలితంలో ఆ క్యాన్సరు మరణాలు 31 శాతం తగ్గినవి. శిక్షణ లేనిదే ఎవరును నోరు తెరచి చూచి తీర్పు చెప్పరాదు. ఆ సంగతి స్పష్టంగా చెబుతున్నాము. కాని రెండు వారాలు దాటినను మానని పుండు ఉన్నదా అని ఇంట్లో అడుగుటకు శిక్షణ అక్కరలేదు. 'ముక్క పరీక్షకు పంపారా, రిపోర్టు ఎప్పుడు ఇస్తారు' అని నర్సింగు హోములో అడుగుటకు తెలుగు గాని ఉర్దూ గాని చాలును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. బీద విద్యార్థుల నిధినుండి ప్రతి సంవత్సరం కొంత మొత్తం, విద్యార్థుల ఇండ్లలోని రోగుల దారి ఖర్చులకు, కాగితముల నకళ్ళకు వేరుగా ఉంచగలిగితే మేలు. పెద్ద మొత్తం అక్కరలేదు. ఆసుపత్రి ఖర్చుకు పథకం ఉన్నది, బస్సుకు లేదు.

క్రిందటి సంవత్సరం మా తృతీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు పాఠం ముగిసిన తరువాత గదిలో ఉండిపోయాడు. తల్లి బీడీలు చుట్టుతుంది. ఆమె చెంప లోపల పుండు. పట్టణంలో ఒక డాక్టరు కొంచెం కండ తీశాడు. ముక్కను పారవేయబోతుండగా ఆ కుర్రవాడు అడిగి తీసుకున్నాడట. ఎందుకు అడిగావురా అంటే, 'మీరు క్లాసులో మీ ఖాలా సంగతి చెప్పారు గదా సార్' అన్నాడు. పాఠంలో ఆ సంగతి ఎందుకు వచ్చిందో మాకు గుర్తు లేదు. డాక్టరు మందు పోసిన చిన్న ప్లాస్టికు సీసాలో ఆ ముక్కను మూత బిగించి ఇచ్చాడు. దానిమీద తల్లి పేరు, తేది, 'ఎడమ చెంప' అని ఆ కుర్రవాడే బాల్‌పెన్నుతో వ్రాసి అంటించాడు. మరునాటి తెల్లవారుజామున ఎర్రబస్సులో, సీసాను సంచిలో పెట్టక, కుదుపులకు ఒలకకుండ రెండు చేతులతో ఒడిలో పట్టుకొని ఐదు గంటలు కూర్చొని హైదరాబాదు చేరాడు. తొమ్మిదవ రోజున రిపోర్టు వచ్చింది. పండ్రెండవ రోజున తల్లిని, రిపోర్టును, రేషను కార్డును వెంటబెట్టుకొని ఆరోగ్యమిత్ర బల్ల ముందు కూర్చున్నాడు. ఆ రోజు మా తరగతిలో అతని హాజరు మేమే వేసితిమి.